ఉక్కు మనది, సంతకం ఇస్ఫహాన్‌ది

కటానా గురించి తెలీని సాఫ్ట్‌వేర్ వాడు అరుదు. 'కిల్ బిల్' (2003) చూసినవాళ్ళు సగం, వీడియో గేముల్లో నేర్చుకున్నవాళ్ళు మిగతా సగం. ఉక్కుని మడతపెట్టి కొడతారనీ, పది మడతలకి 1024 పొరలు వస్తాయనీ (రెండు ఘాతాలు మనకి ఎవరూ చెప్పక్కర్లేదు లెండి) లంచ్ టేబుల్ దగ్గర గడగడా చెప్పేస్తారు. బాగానే ఉంది. కానీ ఆ టేబుల్ దగ్గరే 'ఊట్జ్' అంటే ఏంటని అడగండి, అందరూ మీ మొహం వంక చూస్తారు. అది మన 'ఉక్కు' అన్న మాటే. కన్నడం వాళ్ళు కూడా ఉక్కు అనే అంటారు. ఇంగ్లీషు వాళ్ళ చెవిలో పడి, వాళ్ళ కాగితాల మీదకెక్కేసరికి అలా తయారైంది. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే డాక్టరు దీని ముద్దల్ని లండన్ రాయల్ సొసైటీకి పంపాడు. 1819 నుంచి మూడు నాలుగేళ్ళు మైకేల్ ఫారడే దీన్ని శోధించాడు. అవును, కరెంటు ఫారడేనే.

ఈ ఉక్కు చేసిన ఊళ్ళలో బాగా పేరుపడింది నిజామాబాద్ వైపు కోనసముద్రం. 1820ల్లో హెన్రీ వాయ్‌సీ అనే సర్వే డాక్టరు అక్కడికెళ్ళి చూసి రాసిపెట్టాడు. ఆయన 1824లో పోయాడు, రాసింది 1832లో అచ్చయింది. రెండు చోట్ల నుంచి వచ్చిన రెండు రకాల ఇనుముని ఒక లెక్క ప్రకారం కలుపుతారు. మట్టీ, పాత కొలిమి పెంకులూ, ఊకా నూనెతో కలిపి పిసికి మూసలు చేస్తారు. వాటిల్లో ఇనుము పెట్టి, పైన మూసేసి, రోజంతా తిత్తులు ఊదుతూనే ఉంటారు. ఇనుము నీళ్ళలా కరిగి, మెల్లగా చల్లారి, చిన్న బిళ్ళగా గట్టిపడుతుంది. తర్వాత దానికి మట్టి పూసి మళ్ళీ మళ్ళీ కాలుస్తారు. కార్బన్ ఒకటిన్నర శాతం దాకా ఉంటుంది.

జపాన్ వాళ్ళ పద్ధతి దాదాపు దీనికి ఎదురు. వాళ్ళు ఇనుప ఇసకా బొగ్గూ కలిపి 'తతార' అనే మట్టి కొలిమిలో మూడు రోజులు కాలిస్తే టన్నుల లెక్కన ముద్ద వస్తుంది గానీ అది పూర్తిగా కరగదు, ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఆ తేడాలు పోగొట్టడానికే ఆ మడతలన్నీ. మనవాళ్ళ ఉక్కు మూసలోనే కరిగిపోయింది కాబట్టి మడత అవసరమే లేదు. కత్తి మీద కనపడే నీటి అలల గీతలు ఉక్కు లోపలి నుంచే వస్తాయి. కాకపోతే ఎక్కువ కాల్చకూడదు, ఎర్రగా ఉన్నప్పుడే కొట్టాలి. యూరప్ కమ్మర్లు తమ అలవాటు కొద్దీ తెల్లగా కాల్చి సమ్మెటతో కొడితే ముక్కలైపోయేది.

ఆ బిళ్ళల్ని కొన్నది ఎవరు? వాయ్‌సీ వెళ్ళినప్పుడు ఇస్ఫహాన్ నుంచి వచ్చిన పారశీక వర్తకుడు అక్కడే మకాం పెట్టి, తూకాలు దగ్గరుండి చూసుకుంటున్నాడు. పర్షియాలో ఇలాంటిది చేయబోయి కుదరక ఇంత దూరం వచ్చారు. అంతకు ముందు 17వ శతాబ్దంలో డచ్చి వాళ్ళు మన తీరం నుంచి ఇనుమూ ఉక్కూ ఓడలకెత్తేవాళ్ళు. గోల్కొండ-మచిలీపట్నం దారి కృష్ణకి ఉత్తరాన ఉన్న మన మెట్ట మీదుగానే పోయేది. జగ్గయ్యపేటకి పైన, ఇప్పటి ఖమ్మం జిల్లా నాగులవంచలో డచ్చి వాళ్ళ గిడ్డంగి కూడా ఉండేది. నందిగామ దగ్గర హైవే మీద బస్సు ఆగినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది.

ఇస్ఫహాన్ చేరాక ఆ బిళ్ళ కత్తి అయ్యేది, దాని మీద అసదుల్లా అనే పేరు చెక్కేవాళ్ళు (నకిలీలు కూడా బోలెడు). జపాన్ కమ్మరి పిడి లోపల దాగే భాగం మీద తన పేరు చెక్కుతాడు. మన జగ్గయ్యపేట స్తూపం దగ్గరే మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి 20వ ఏట, సిద్ధార్థుడనే శిల్పి ఆయక స్తంభాలు ఇచ్చానని తండ్రి పేరు, ఊరి పేరుతో సహా రాయించుకున్నాడు. కోనసముద్రంలో మూస పెట్టినవాళ్ళలో ఒక్కరి పేరు కూడా వాయ్‌సీ రాతతో మనదాకా రాలేదు.

సరే, ఇదంతా ఎందుకు పోయింది? "బ్రిటిష్ వాళ్ళు నాశనం చేశారు" అనడం మనకి అలవాటు. అందులో కొంత నిజముంది: చవక ఇంగ్లీషు ఉక్కు, 1878 ఆయుధ చట్టం, అడవి చట్టాలు. కానీ కోనసముద్రం నిజాం ఇలాకా, ఆ చట్టాలు అక్కడ నేరుగా నడవవు. నాకు తోచే అసలు కారణం ఇంకోటి. కత్తుల కాలం పోయి తుపాకుల కాలం వచ్చింది, పారశీక వర్తకుడు రావడం మానేశాడు. ఒకే క్లయింట్ మీద బతికే కంపెనీ ఎలా ఉంటుందో మనకి తెలిసిందే కదా!

ఇంకోటి కూడా ఉంది. 1998లో అమెరికాలో వెర్‌హోవెన్ అనే ప్రొఫెసరు, పెండ్రే అనే కమ్మరి కలిసి, ఆ అలలు రావడానికి ఖనిజంలో అత్యల్పంగా ఉండే వెనేడియం లాంటి మలినాలే కీలకమని చూపించారు. అంటే గని మారితే అలలు రావు, ఎందుకు రావట్లేదో చేసేవాడికీ తెలీదు. ఎన్నో ఏళ్ళుగా నడుస్తున్న బిల్డు సర్వర్ మార్చగానే ఆగిపోయినట్టు. ఇది వాళ్ళ ఊహే అయినా నాకు సబబుగానే తోస్తుంది.

జపాన్‌లోనూ పోవాల్సిందే. 1876లో కత్తి కట్టుకు తిరగడం నిషేధించారు, 1945 తర్వాత అమెరికన్లు చేయడమే ఆపించారు. 1948లో కత్తుల పరిరక్షణకి సంఘం పెట్టుకున్నారు, 1977లో షిమానేలో ఆరిపోయిన తతారని మళ్ళీ వెలిగించారు. ఇప్పటికీ లైసెన్సు కావాలంటే ఐదేళ్ళు గురువు దగ్గర పనిచేయాలి. కత్తికి యుద్ధంలో గిరాకీ లేకపోయినా, కత్తి చేయడం తెలిసినవాడికి గిరాకీ ఉండేలా చూశారు. మన దగ్గర 2010లో బెంగళూరు, ఎక్సెటర్ పరిశోధకులు ఉత్తర తెలంగాణ ఊళ్ళు తిరిగి చిట్టెం దిబ్బలు నమోదు చేశారు. మంచి పనే, కానీ అప్పటికి మిగిలింది చిట్టెమే.

మన కృష్ణా మెట్టలో కూడా ఈ కథ ఉంది. ఉక్కు కాదు, ఇనుము. 1795లో బెంజమిన్ హేన్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త, కంపెనీ ఉద్యోగి, నూజివీడు దగ్గర రమణక్కపేట కొలిముల మీద ఒక నివేదిక రాశాడు. ధరంపాల్ 1971లో తన పుస్తకంలో దాన్ని మళ్ళీ అచ్చేశాడు. కరువుకి ముందు ఆ ఊళ్ళో ఇనుప కొలుములే 40 ఉండేవట, కంసాలులూ కంచరులూ బాగా బతికారట. కరువులో మిగిలినవాళ్ళు హీనస్థితిలో ఉన్నారని రాశాడు. ఆ కరువు 1790ల మొదట్లో సర్కారు జిల్లాల్ని ఊడ్చేసింది.

2022లో జిల్లాలు విడగొట్టాక జగ్గయ్యపేట, నందిగామ ఎన్టీఆర్ జిల్లాలోకి, నూజివీడు ఏలూరు జిల్లాలోకి పోయాయి. మీలో ఎవరైనా రమణక్కపేట వాళ్ళుంటే, ఈసారి పండక్కి ఊరెళ్ళినప్పుడు పొలాల్లో నల్లటి చిట్టెపు రాళ్ళు ఇంకా తగులుతున్నాయేమో పెద్దవాళ్ళని అడిగి నాకో మాట చెప్పండి.