యాంప్ లేకపోతే గిటార్ రికార్డింగ్ కాదా?

మన నిడదవోలు నుంచి ఇంకో ఎపిసోడ్. "ఎలక్ట్రిక్ గిటార్‌ని డైరెక్ట్‌గా కంప్యూటర్‌కి పెట్టి రికార్డ్ చేస్తే అది డూప్లికేట్ సౌండే కదా?" అనే మాట చాలామంది అంటారు. కానీ చరిత్ర చూస్తే అలా లేదు.

ముందు సైన్స్ చూద్దాం. గిటార్ తీగల కింద పికప్ ఉంటుంది. అయస్కాంతం, దాని చుట్టూ సన్నటి రాగి తీగ, అంతే. స్టీలు తీగ ఊగగానే అందులో చిన్న కరెంటు పుడుతుంది. అంటే స్పీకర్ దాకా వెళ్లకముందే మన పాట కరెంటు రూపంలో రెడీగా ఉంది.

అమెరికాలో లెస్ పాల్ అనే గిటారిస్ట్ తన ఇంటి కారు షెడ్డులోనే, ఒక గిటార్ మీద ఇంకో గిటార్ పేర్చుకుంటూ రికార్డ్ చేసిన 'లవర్' 1948లో వచ్చింది. 1960ల్లో డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ గిటార్లని యాంప్ ముందు మైకు పెట్టకుండా నేరుగా మిక్సర్‌కే కలిపేది. ఆ స్టూడియో కూడా ఒక మామూలు ఇల్లే!

మరి రాక్ వాళ్లు ఎందుకు ఒప్పుకోలేదు? ఎందుకంటే గిటార్ స్పీకర్ పైస్థాయి గరగరని కోసేస్తుంది. అది లేకుండా డిస్టార్షన్ పెడితే తేనెటీగల తుట్టె కదిపినట్టుంటుంది. దీని మీద పనిచేసినవాళ్లలో మనలాంటి ఇంజినీర్ ఒకాయన ఉన్నాడు, టామ్ షోల్జ్. ఎంఐటీలో చదివి, పోలరాయిడ్‌లో ఉద్యోగం చేస్తూ, 1976లో వచ్చిన 'బోస్టన్' ఆల్బమ్‌ని చాలావరకు ఇంటి కింది గదిలోనే చేశాడు. 1982లో రాక్‌మ్యాన్ అనే చిన్న డబ్బా తెచ్చాడు. గిటార్ పెట్టి, హెడ్‌ఫోన్‌లో వినడమే. 1998లో లైన్ 6 కంపెనీ 'యాంప్ ఫార్మ్'తో యాంప్‌నే సాఫ్ట్‌వేర్‌గా మార్చేసింది.

ఇప్పుడు మన దగ్గరికి రండి. మన పక్కనే ఉన్న కొవ్వూరులో 1961లో పుట్టిన కీరవాణి గారు సినిమా సంగీతం కోసం మద్రాసు వెళ్లి, చక్రవర్తి గారి దగ్గర పనిచేయాల్సి వచ్చింది. స్టూడియోలు, వాయించేవాళ్లు అక్కడే మరి. మన రాజ్-కోటి దగ్గర కీబోర్డ్ వాయించిన రెహమాన్ గారు 1989లో ఇంటి దగ్గరే స్టూడియో పెట్టుకున్నారు. 1992లో 'రోజా' వచ్చింది. స్టూడియో ఇంటికి రావడం అంటే ఏంటో అప్పుడు అందరికీ తెలిసింది.

ఇవాళ మనకి కావాల్సింది ఒక ఆడియో ఇంటర్‌ఫేస్. గిటార్‌ని దాని 'ఇన్‌స్ట్రుమెంట్' ఇన్‌పుట్‌లోనే పెట్టాలి. దాని ఇంపీడెన్స్ సుమారు 1 మెగాఓమ్ ఉంటుంది. మామూలు లైన్-ఇన్‌లో పెడితే సౌండ్ మెరుపు పోయి మొద్దుబారుతుంది. బఫర్ 128 శాంపిల్స్ పెడితే 44,100 రేటు దగ్గర ఆ ఒక్క బఫర్ ఆలస్యం 3 మిల్లీసెకన్ల లోపే. గాల్లో సౌండ్ ఒక మీటరు నడిచే టైమ్ అది.

రాత్రి పదకొండింటికి గోడ అవతల పిన్నిగారు నిద్రపోతున్నా, మీరు హెడ్‌ఫోన్ పెట్టుకుని ఫుల్ డిస్టార్షన్‌లో వాయించొచ్చు. కాబట్టి యాంప్ లేదని, సిటీలో లేమని ఆగకండి. ఒకప్పుడు ఇక్కడి కుర్రాడు రైలెక్కితేగానీ రికార్డింగ్ లేదు. ఇప్పుడు కేబుల్ పెడితే చాలు. మీ ఊరి ట్యూన్ ఒకటి రికార్డ్ చేయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండీ!