గోడ ఒకటి, వాటాదారులు ఎనభైమంది

ఫ్రాన్సులో దిజోన్ పట్టణంలో మా అబ్బాయి చదువుతున్నాడు. వాణ్ణి చూడబోయినప్పుడు, దక్షిణంగా ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న వూజో కోటకు తీసుకెళ్ళాడు. కోట అంటే బళ్ళారి కోటలా బురుజులు ఊహించుకున్నాను. తీరా చూస్తే ద్రాక్షతోటల నడుమ పెంకుల కప్పుతో పెద్ద రాతి భవంతి.

12వ శతాబ్దిలో సీతో మఠం సన్యాసులు దానంగా వచ్చిన చెక్కలూ, కొన్న చెక్కలూ కలుపుకుంటూ ఈ తోట పెంచారు. 1336 నాటికి చుట్టూ గోడ పూర్తయింది. 'క్లో ద వూజో' అన్న పేరులో 'క్లో' అంటే గోడకట్టిన తోట. లోపల సుమారు 50 హెక్టార్లు, మన లెక్కన దాదాపు 125 ఎకరాలు. భవంతి 1551 నాటిది. దాని పక్క సావిడిలో ద్రాక్షరసం తీసిన నాలుగు పాత యంత్రాలున్నాయి. నేను వైన్ ముట్టనివాణ్ణి. అయినా ఆ దూలాల లావు చూసి అక్కడే నిలబడిపోయాను.

1789 విప్లవంతో చర్చి ఆస్తులు జాతిపరమయ్యాయి, 1791లో తోట అమ్ముడుపోయింది. 1818లో, నెపోలియన్ సేనలకు సరుకులు సమకూర్చిన ఊవ్రార్ కుటుంబం చేతికొచ్చింది. సన్యాసులు పోయినా షావుకార్లు దాన్ని ముక్కలు కానివ్వలేదు! 1889లో కొందరు వైన్ వ్యాపారులు పంచుకుని కొన్నారు. ఆపైన అమ్మకాలు, 1804 నాటి సివిల్ కోడు చెప్పే సమాన వాటాలు. ఇప్పుడు దాదాపు 80 మంది హక్కుదారులు. కొందరికి కొన్ని వరుసలే.

వ్యవసాయ ఋణాలకోసం ముప్పై ఏళ్ళు పహణీలు చూసినవాణ్ణి కదా, గట్లెక్కడని వెతికాను. తోటంతా ఒక్కటిగానే కనబడింది. గోడలోపలి పండుతో చేసిన వైన్‌కే ఆ పేరు చెల్లుతుందని 1937లో చట్టమైంది. కోట దగ్గరి ఎగువ నేల మేలైనది, రోడ్డువైపు పల్లం నీరు నిలిచేది. పేరు మాత్రం అందరికీ ఒకటే. ఎగువవాళ్ళకు కడుపుమంట ఉండదా అని అడిగితే మావాడు నవ్వాడు.

చిక్కబళ్ళాపురం దగ్గర మాకూ నాలుగెకరాల బెంగుళూరు బ్లూ తోట ఉండేది. రాతికంభాల పందిరి తాతగారు వేయించారు. 1994లో అన్నదమ్ములం ముగ్గురం పంచుకున్నాం. భాగపత్రం రాసింది నేనే. అర గుంట తేడా రాకుండా హద్దులు వేశాను. ఆ వేసవికే రెండు కంచెలు లేచాయి. అయిదేళ్ళలో ఒక వాటా లేఅవుటు అయింది, మిగతావాటిలో పందిళ్ళు పడిపోయాయి.

ఆ రాత్రి పెద్దన్నయ్యకు ఫోను చేసి వూజో సంగతి చెప్పాను.

"మధ్యలో కంచెలు లేవా?" అని రెండుసార్లు అడిగాడు.