దండుగ ఎవరికెంత?

రాజమహేంద్రవరం కోటిపల్లి బస్టాండు దగ్గర ఓ సాయంత్రం హెల్మెట్ లేని ఇద్దర్ని ఆపారు. బుల్లెట్ మీదొచ్చినాయన ఫోన్ తీసి అక్కడికక్కడే కట్టేసి వెళ్లిపోయాడు. పాత టీవీఎస్ మీదొచ్చిన సెంట్రింగ్ కుర్రాడు మాత్రం, హ్యాండిల్‌కి టిఫిన్ క్యారేజీ వేలాడుతుండగా, “రేపటి కూలి కూడా పోయినట్టేనండి” అంటూ నిలబడిపోయాడు. ఇద్దరికీ రాసింది వెయ్యే.

జరిమానాని జుల్మానా అనేవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఉన్నారు. పాత మాట దండుగ. ఇప్పుడది వృథా ఖర్చుకి పేరు. కట్టినవాళ్ల అభిప్రాయమే నిఘంటువుకెక్కిందన్నమాట.

ఉన్నవాడికీ లేనివాడికీ ఒకే దండుగేమిటన్న ప్రశ్న కొత్తదేం కాదు. దండించేముందు నేరంతోపాటు దేశకాలాలు, బలం, వయసు, పని, విత్తం చూడమంది యాజ్ఞవల్క్య స్మృతి. దాని మీద విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షరని 13వ శతాబ్దంలో కేతన తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. అలాగని మురిసిపోనక్కర్లేదు. మామూలు మనిషికి ఒక కార్షాపణం పడేచోట రాజుకి వెయ్యి వెయ్యమన్న మనుస్మృతే, బ్రాహ్మణుణ్ని తిట్టిన క్షత్రియుడికి నూరు పణాలు, క్షత్రియుణ్ని తిట్టిన బ్రాహ్మణుడికి యాభై అంది. శూద్రుడికైతే శరీర శిక్షే. సంచిని తూచిన తక్కెడలోనే పుట్టుకనీ తూచారు.

పేదవాణ్ని ముంచకుండా, ధనవంతుణ్ని భయపెట్టేలా జరిమానాకి ఒకే హద్దు గీయడం కుదరదని 1837 నాటి శిక్షాస్మృతి ముసాయిదాలో మెకాలే బృందం ఒప్పుకుంది. అయినా 1860 చట్టం, నిర్లక్ష్యంగా బండి తోలితే జరిమానా వెయ్యి దాటకూడదంది. ఎడ్లబళ్ల కాలపు వెయ్యి! 2024 జులై 1న వచ్చిన న్యాయ సంహితలో సెక్షన్ నంబరు 279 నుంచి 281కి మారింది గానీ ఆ వెయ్యి మారలేదు.

2019 సెప్టెంబరు 1 నుంచి మోటారు వాహనాల చట్టంలో రేట్లు ఎగబాకాయి. లైసెన్సు లేకపోతే 5,000, తాగి నడిపితే 10,000. నెల తిరిగాక, అక్టోబరు 4న, ఏలూరులో రాష్ట్ర ప్రభుత్వ పథకం వాహనమిత్ర మొదలైంది. సొంత ఆటో నడుపుకునేవాళ్లకి ఏడాదికి 10,000 ఇచ్చేవారు. ఇచ్చే చేతికి కనబడిన పేదరికం, పుచ్చుకునే చేతికి కనబడలేదు.

ఫిన్లాండ్ 1921 నుంచీ రోజు ఆదాయాన్ని బట్టి జరిమానా వేస్తోంది. వేగంగా నడిపిన నోకియా అధికారి అన్సి వాన్యోకికి 2002లో 1,16,000 యూరోలు పడ్డాయి; తర్వాత తగ్గించారనుకోండి. బ్రిటన్ 1992లో ఇలాంటిదే మొదలెట్టి, మరుసటేడే వదిలేసింది. ఆదాయం చెప్పని ఒకాయనకి చిప్స్ పాకెట్ పారేసినందుకు 1,200 పౌండ్లు పడటంతో జనం నవ్విపోయారు.

మన దగ్గర చిక్కు వేరు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. కోనసీమలో పదెకరాల కొబ్బరితోట ఉన్న ఆసామి కాగితం మీద పేదవాడే. టీచరు గారి జీతం మాత్రం పైసలతో సహా తెలుస్తుంది. ఆదాయం లెక్కన జుల్మానా వేస్తే మొదట దొరికేది ఆయనే. అందుకే నా మటుకు నాకు ఆదాయం కంటే బండి ధరే నయమనిపిస్తుంది. జీవిత పన్ను దాన్నిబట్టే కట్టించుకుంటున్నారు కదా. ఆ సాయంత్రం ఆగిన బుల్లెట్ ఖరీదూ, టీవీఎస్ ఖరీదూ రవాణా శాఖ లెక్కల్లో ఉన్నవే.