మోటుపల్లి: ఓరుగల్లుకి సముద్రం ఉండేది

వరంగల్‌లో పెరిగినవాళ్లకి కాకతీయులంటే కోట, తోరణాలు, వేయిస్తంభాల గుడి, చెరువులు. సముద్రం ఎక్కడా గుర్తుకు రాదు. ఉద్యోగంలో పడ్డాక, ముప్ఫై దాటాక, మోటుపల్లి శాసనం గురించి చదివేదాకా నాకూ అంతే.

మోటుపల్లి ఇప్పుడు బాపట్ల జిల్లా చినగంజాం మండలంలో ఒక పల్లె. ఇసుక, ఉప్పు మడులు, ఓ పాత వీరభద్రుడి గుడి. మనకి రెండొందల యాభై కిలోమీటర్ల పైమాటే. 1244-45లో గణపతిదేవుడు అభయశాసనం వేయించింది ఇక్కడే.

అందులోని సంగతి సూటిగా ఉంటుంది. తుఫానుకి దెబ్బతిని ఒడ్డుకి కొట్టుకొచ్చిన ఓడల్లోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అంతకుముందు రాజులు లాగేసుకునేవారట. ప్రాణాలకు తెగించి సముద్రం దాటొచ్చిన వర్తకుల సొమ్ము మేం ముట్టం, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాం అంటాడు గణపతిదేవుడు. ఎగుమతులకీ దిగుమతులకీ ముప్ఫైకి ఒక వంతు. దయ, కీర్తి, ధర్మం అని కారణాలు చెప్పాడు. నిజమే కావచ్చు. కానీ దోచుకుంటే ఒక్క ఓడే దక్కుతుంది, భరోసా ఇస్తే ఏటా ఓడలొస్తాయి అనే లెక్క కూడా అందులో ఉంది.

ఆ లెక్క ఫలించినట్టే ఉంది. 13వ శతాబ్దం చివర్లో మార్కో పోలో ఈ రాజ్యం గురించి, ఇక్కడి వజ్రాల గురించి, సాలెగూడంత సన్నటి బట్టల గురించి రాశాడు. భర్త పోయాక రాణి ఏలుతోందన్నాడు. చరిత్రకారులు ఆమెని రుద్రమదేవిగానే గుర్తిస్తారు, గణపతిదేవుడికి ఆమె కూతురైనా సరే. అంతకన్నా నన్ను ఆపేసింది ఆయన రాజ్యానికి పెట్టిన పేరు: ముత్ఫిలి. అంటే మోటుపల్లి. మన ఓరుగల్లు కాదు! బయటివాడికి రేవు పేరే రాజ్యం పేరైంది.

1323లో ఓరుగల్లు పడిపోయింది. రేవు మాత్రం అప్పుడే పోలేదు. 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అక్కడే మళ్లీ వర్తకులకి హామీలిస్తూ శాసనం వేయించాడు.

తీరంలో ఒక పల్లెని చూస్తే మనం మొదట జనాభా అడుగుతాం. తక్కువుంటే ఖాళీ జాగా అనుకుంటాం. ఒక ఊరి విలువ అక్కడుండే తలల లెక్కలోనే ఉండదు, దాని మీదుగా ఏం వెళ్తోందన్నదాన్ని బట్టి కూడా ఉంటుంది. అయితే ఆ శాసనం అభయమిచ్చింది వర్తకులకి. ఆ సరుకుని ఒడ్డుకి చేర్చిన చేతులెవరివో ఇన్నేళ్లలో నేనూ అడగలేదు. మా కోట తోరణాల వెనక ఆ ముప్ఫయ్యో వంతు కూడా ఉందని ఇప్పుడు అనిపిస్తుంది.