చిత్రములయందు మిత్రలాభము

పంచతంత్రమున మిత్రభేదము మొదటిది, మిత్రసంప్రాప్తి రెండవది. హితోపదేశకర్త యగు నారాయణుఁడు మిత్రలాభమును ముందునకుఁ దెచ్చెను. పరవస్తు చిన్నయసూరి 1853వ సంవత్సరమునఁ బ్రకటించిన నీతిచంద్రికయు నా క్రమమునే యనుసరించినది. బాలురు చెలిమి చెడుటకంటె ముందు చెలిమి కుదురుటను నేర్వవలయుఁ గదా!

ఈ కథలు బొమ్మలతోఁ గూడుట నవీనము గాదు. ఎనిమిదవ శతాబ్దమునఁ బంచతంత్రమును పహ్లవీభాషనుండి 'కలీలా-దిమ్నా' యను పేర అరబ్బీలోనికిఁ దెచ్చిన ఇబ్నుల్ ముఖఫ్ఫా, రంగురంగుల మృగచిత్రములు రాజుల మనస్సులను రంజింపఁజేయునని పీఠికలోనే చెప్పెను. పదుమూఁడవ శతాబ్దపు సచిత్రప్రతి యొకటి పారిసు నగరపు జాతీయగ్రంథాలయమున నున్నది. రాజులకై పుట్టిన బొమ్మలు పిదప శిశువుల చేతికి వచ్చెను.

అయినఁ జిత్రమున కొక లోపము గలదు. కాకి మైత్రిఁ గోరఁగా హిరణ్యకుఁ డను ఎలుక వెంటనే సమ్మతింపలేదు; భక్ష్యభక్షకుల కెట్టి చెలిమి యని కలుగులోనుండియే వాదించెను. కథకుఁ బ్రాణ మా శంకయే. నేఁటి శిశుపుస్తకములలోఁ దఱచుగాఁ గాకి, ఎలుక, తాఁబేలు, లేడి యొక్కపుటలోఁ జేరి నవ్వుచుండును. వాదము బొమ్మకు లొంగదు. కలుగు వాకిట సగమే వెలువడిన యెలుకను వ్రాసినచో, అది యేల వెఱచుచున్నదని శిశువే యడుగును.