కె.జి.ఎం.బి. ప్రసారాలు - పెర్ల్ హార్బరు దాడి

కె.జి.ఎం.బి. అనునది హవాయి దీవులలోని హోనోలూలూ నగరం నుండి ప్రసారాలు చేసిన వాణిజ్య రేడియో కేంద్రం. 1941 డిసెంబరు 7న పెర్ల్ హార్బరుపై దాడికి వచ్చిన జపాను విమానాలకు, అదే ఉదయం కాలిఫోర్నియా నుండి వస్తున్న అమెరికా బి-17 విమానాలకు కూడా ఈ కేంద్రపు సంగీతమే దారి చూపింది.

== పని చేసే విధానం ==
ఆనాటి పెద్ద యుద్ధవిమానాలలో సంభాషణకు వాడే రేడియోతో పాటు దిక్కును కనుగొనే రేడియో కూడా ఉండేది. దీని ఏరియల్ వలయాకారంలో ఉంటుంది. వలయం అంచు ప్రసారకేంద్రం వైపున్నపుడు శబ్దం హెచ్చుగాను, దానికి అడ్డంగా తిరిగినపుడు మిక్కిలి సన్నగాను వినబడుతుంది. శబ్దం సన్నగిల్లే స్థానాన్ని చెవి కచ్చితంగా పట్టగలదు కనుక దానిని బట్టియే దిక్కును లెక్కించేవారు. పాత ట్రాన్సిస్టరును చేతిలో త్రిప్పి చూచినవారికి ఇది అనుభవమే. ఇందుకు ప్రత్యేక సంకేతం అక్కరలేదు; మీడియం వేవ్‌లో పాట వస్తున్నా చాలు.

== డిసెంబరు 7 ఉదయం ==
ప్రధాన భూభాగం నుండి విమానాలు వచ్చే రాత్రులలో సైన్యం కోరికపై ఈ కేంద్రం తెల్లవార్లూ ప్రసారం చేసేది. రహస్యంగా ఉంచవలసిన విమానాల రాకను ఈ ఏర్పాటే చాటిచెప్పేదనడం అతిశయోక్తి కాదు.

183 విమానాల మొదటి దళానికి నాయకుడైన మిత్సువో ఫుచిదా, క్రింద మేఘాలు దట్టంగా ఉండడంతో ఈ ప్రసారాన్ని పట్టి తన దిశను సరిచేసుకొన్నాడు. మేఘాలు ముఖ్యంగా కొండలపైనే ఉన్నాయన్న వాతావరణ సమాచారం కూడా అందులోనే విన్నాడు. ఇది యుద్ధానంతరం ఆయనే చెప్పిన వృత్తాంతం. ఆయన రచనలలోని మరికొన్ని విషయాలను చరిత్రకారులు అంగీకరించరు.

ఒపానా రాడార్ కేంద్రంలోని సైనికులు 7 గంటల 2 నిమిషాలకే ఈ దళాన్ని గుర్తించి ఫోను చేశారు. సమాచార కేంద్రంలో విధిలో ఉన్న లెఫ్టినెంటు కెర్మిట్ టైలర్ తెల్లవారుజామున కారులో వస్తూ అదే సంగీతం విన్నాడు. కనుక అవి తమ బి-17లే అయి ఉంటాయని భావించి, దాని గురించి పట్టించుకోవద్దన్నాడు. ఆ పనిలో ఆయనకు శిక్షణ లేదు. తరువాతి విచారణలో ఆయనపై చర్య తీసుకోలేదు.

ఆ దాడిలో 2,403 మంది అమెరికన్లు మరణించారు. 12 బి-17 విమానాలు దాడి జరుగుతుండగానే, ఎదురుకాల్పులు జరిపే స్థితి లేకుండా, దిగవలసివచ్చింది.

== నివారణ చర్యలు ==
బ్రిటన్ ఈ ప్రమాదాన్ని ముందే గుర్తించింది. 1939 సెప్టెంబరులో బి.బి.సి. తన ప్రాంతీయ కార్యక్రమాలను ఆపి, పలు కేంద్రాల నుండి ఒకే కార్యక్రమాన్ని ఒకే తరంగదైర్ఘ్యంపై ప్రసారం చేయసాగింది. అందువలన ధ్వని ఏ దిక్కు నుండి వస్తున్నదో శత్రువుకు తేలేది కాదు. అమెరికాలో ఇటువంటి ఏర్పాటు 1951లో గాని రాలేదు. దాని ప్రకారం, ప్రమాద సమయంలో 640, 1240 కిలోహెర్ట్‌జ్‌లపై తప్ప మిగిలిన ప్రసారాలను నిలిపివేయాలి. ఈ పద్ధతి 1963 వరకు కొనసాగింది.