లదేణి ఎద్దుల నుంచి పశువైద్య పట్టా దాకా: ఉపకారవేతనం వెనుక మన చరిత్ర

ప్రతి ఫిబ్రవరిలో సేవాలాల్ మహారాజ్ జయంతికి మనమంతా ఒకచోట చేరినప్పుడు, సభ అయిపోయాక ఇంటర్ చదివే పిల్లలు ఒకరిద్దరు మా దగ్గరికి వస్తారు. "పశువైద్యం చదవాలని ఉంది. కానీ అయిదున్నరేళ్లు. అంత డబ్బు మా ఇంట్లో ఎక్కడిది?" అని అడుగుతారు. ఏ ఆఫీసుకు పోవాలి, ఏ కాగితం పెట్టాలి అని నిలబడి రెండు ముక్కల్లో చెప్పి పంపించేవాళ్లం. ఈ ప్రత్యేక సంచికలో మాత్రం కొంచెం వెనక్కి వెళ్లి చెప్పాలనుకున్నాం. ఎందుకంటే ఉపకారవేతనం అంటే సర్కారు దయతలచి వేసే భిక్ష అని మన పిల్లల్లో చాలామంది ఇప్పటికీ అనుకుంటున్నారు. అందుకే అడగడానికి సిగ్గుపడుతున్నారు. అది నిజం కాదని మన చరిత్రే చెబుతుంది.

ఎద్దుల వెంట నడిచిన జాతి

ఒకప్పుడు మన తండాకు స్థిరమైన ఊరు లేదు. ఎద్దులు ఎక్కడ ఆగితే అదే తండా. ధాన్యం, ఉప్పు గోణెల్లో నింపి ఎద్దుల వీపున వేసి వందల మైళ్లు నడిపించే వ్యాపారాన్ని మన పెద్దలు లదేణి అన్నారు. ఢిల్లీ సుల్తాను అల్లావుద్దీన్ ఖిల్జీ కాలంలోనే నగరపు అంగళ్లకు ధాన్యం చేర్చింది బంజారాలే. 1632లో ఆగ్రా నుంచి పాట్నాకు పోతున్న పీటర్ ముండీ అనే ఆంగ్లేయుడికి దారిలో ఒక తండా ఎదురైంది. ఆ ఒక్క తండాలో 14,000 ఎద్దులు ఉన్నాయని ఆయన రాసుకున్నాడు.

అన్ని ఎద్దులను రోగం రాకుండా, గిట్టలు అరిగిపోకుండా, మేత, నీళ్లు దొరికే దారిలో నడిపించడం మాటలు కాదు. ఏ ఎద్దు ఎంత బరువు మోయగలదు, ఏది సుస్తీగా ఉంది, దేన్ని మంద నుంచి వేరు చేయాలి, ఏ పుండుకు ఏ ఆకు పసరు వేయాలి అన్నది తెలియకపోతే తండా మధ్యదారిలోనే ఆగిపోతుంది. సేవాలాల్ మహారాజ్ పుట్టింది అనంతపురం జిల్లా గుత్తి దగ్గరి సేవాగఢ్‌లో. ఆయన కథల్లో కూడా మొదట కనిపించేది ఆవుల మందే. ఆ విద్యకు పుస్తకం లేదు, పరీక్ష లేదు, పట్టా లేదు. తండ్రి వెంట కొడుకు, తల్లి వెంట కూతురు నడిచి నేర్చుకున్నారు.

దారులు మూసుకుపోయిన కాలం

1853లో బొంబాయి, ఠాణే మధ్య మొదటి రైలు నడిచింది. 1874లో వాడి నుంచి సికింద్రాబాదుకు రైలు వచ్చింది. ఎద్దుల మంద వారాల తరబడి నడిచి మోసే సరుకును రైలు రోజుల్లో దించేసింది. ఉప్పు వ్యాపారం ఇంగ్లీషు సర్కారు గుప్పిట్లోకి పోయింది. అడవులను రిజర్వు చేయడంతో మేతకు పోయిన మందలకు జరిమానాలు పడ్డాయి. బతుకుతెరువు పోయిన తండాల మీద ఇంకో దెబ్బ పడింది. 1871లో నేరస్థ తెగల చట్టం తెచ్చి, పలుచోట్ల మనవాళ్లను కూడా పుట్టుకతోనే దొంగలుగా నమోదు చేశారు. ఆ చట్టం రద్దయింది 1952లో. అంటే స్వాతంత్ర్యం వచ్చిన అయిదేళ్ల తర్వాత.

సరిగ్గా ఆ రోజుల్లోనే పశువైద్యం పాఠశాల చదువుగా మారింది. 1886లో బొంబాయిలో, 1903లో మద్రాసులో పశువైద్య కళాశాలలు తెరిచారు. అక్కడ చేరాలంటే ఇంగ్లీషు రావాలి, హైస్కూలు చదువు ఉండాలి, పట్నంలో ఉండే స్తోమత ఉండాలి. పశువుల గురించి తరతరాలుగా తెలిసిన మన తాతలకు ఆ మూడింటిలో ఒక్కటీ లేదు. పశువు మన దగ్గర, పశువైద్యం వేరేవాళ్ల దగ్గర. ఆ ఎడబాటు అక్కడ మొదలైంది.

మూడు సంవత్సరాలు గుర్తుపెట్టుకోండి

తమ్ముళ్లు, చెల్లెళ్లు ఈ మూడు అంకెలను గుర్తుపెట్టుకోవాలి: 1946, 1948, 1976.

1946లో హైదరాబాదు రాజ్యంలో పశువైద్య కళాశాల మొదలైంది. ఈనాటి రాజేంద్రనగర్ కళాశాల అదే. ఆంధ్ర ప్రాంతంలో 1955లో మొదలైన కళాశాల తర్వాత తిరుపతిలో స్థిరపడింది.

రెండోది 1948. పది దాటిన తర్వాత చదువుకు సర్కారు ఇచ్చే పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనం మొదట 1944లో దళిత విద్యార్థుల కోసం వచ్చింది. అప్పుడు డాక్టర్ అంబేద్కర్ వైస్రాయి కార్యనిర్వాహక మండలిలో సభ్యులు. 1948-49లో ఆ పథకాన్ని గిరిజన విద్యార్థులకు కూడా విస్తరించారు.

అంటే కళాశాల ఉంది, డబ్బు కూడా ఉంది. అయినా తెలంగాణ తండా పిల్లవాడికి అది అందలేదు. ఎందుకంటే ఆంధ్ర ప్రాంతంలో సుగాలీలు షెడ్యూల్డ్ తెగల జాబితాలో ఉన్నా, తెలంగాణ లంబాడీలు అందులో లేరు. ఒకే భాష మాట్లాడే, ఒకే పండుగ చేసుకునే అన్నదమ్ములు గీతకు అటూ ఇటూ అయ్యారు. 1976లో పార్లమెంటు చేసిన సవరణ చట్టంతో ప్రాంతాల తేడా తొలగి తెలంగాణ లంబాడీలు జాబితాలో చేరారు. పథకం గిరిజనులకు వచ్చాక 28 ఏళ్లకు మనకు తలుపు తెరుచుకుంది.

28 ఏళ్లంటే ఒక తరం మొత్తం. ఆ తరంలో మన అమ్మానాన్నలు, తాతలు పశువులు కాశారు, పట్నాల్లో రాళ్లు కొట్టారు, రోడ్లు వేశారు. వాళ్లకు తెలివి లేక చదవలేదని ఎవరైనా అంటే, ఈ లెక్క చెప్పండి.

తర్వాత కొన్ని మెట్లు ఎక్కాం. 1986లో ఉమ్మడి రాష్ట్రంలో గిరిజన రిజర్వేషన్ 4 నుంచి 6 శాతానికి పెరిగింది. 2008లో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చింది. 2022లో తెలంగాణలో గిరిజన రిజర్వేషన్ 10 శాతం అయింది. 2005లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం, రాష్ట్ర విభజన తర్వాత రాజేంద్రనగర్‌లో పి.వి. నరసింహారావు తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం ఏర్పడ్డాయి. గన్నవరం, ప్రొద్దుటూరు, కోరుట్లలో కూడా కళాశాలలు వచ్చాయి.

పొడ తూర్పు నేర్పిన పాఠం

మనవాళ్లు ఈ చదువు ఎందుకు చదవాలో చెప్పడానికి నల్లమల అంచున ఒక నిదర్శనం ఉంది. ఆమ్రాబాద్ ప్రాంతంలో లంబాడీ కుటుంబాలు తరతరాలుగా ఒక జాతి పశువులను మేపుతున్నాయి. తెల్లని ఒంటి మీద గోధుమరంగు పొడలు ఉంటాయి కాబట్టి వాటిని పొడ తూర్పు అంటారు. రాళ్ల నేలలో నడుస్తాయి, ఎండకు ఓర్చుకుంటాయి, తక్కువ మేతతో బతుకుతాయి. కురుమూర్తి జాతరలో ఆ ఎడ్లకు మంచి గిరాకీ.

ఈ జాతిని కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ ప్రత్యేక జాతిగా గుర్తించింది 2020లో. జాతిని కాపాడింది మన తండాలు. కానీ కొమ్ము పొడవు, పాల దిగుబడి, రంగు, ఈత వివరాలు శాస్త్రీయంగా కొలిచి రాస్తే తప్ప గుర్తింపు రాదు. ఆ కొలిచే చదువు మన ఇళ్లలో ఎందరికి ఉంది? మందను కాచే ఇంట్లోనే ఆ కొలతలు రాసే బిడ్డ కూడా ఉండాలి. గాలికుంటు సోకినప్పుడు తండాకు ఎవరో ఒక డాక్టరు వచ్చేదాకా ఎదురుచూడటం కాదు, ఆ డాక్టరు మన భాషలో మన యాడితో మాట్లాడాలి. మేం కోరుకునేది అది.

ఇప్పుడు ఉన్న తలుపులు

పదో తరగతితో ఆపాల్సి వచ్చినవాళ్లకు పశుసంవర్ధక పాలిటెక్నిక్‌లలో రెండేళ్ల డిప్లొమా ఉంది. ఇంటర్‌లో బైపీసీ చదివినవాళ్లకు పశువైద్య పట్టా కోర్సు ఉంది. ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి అయిదున్నరేళ్లు. దేశవ్యాప్తంగా 15 శాతం సీట్లు నీట్ ద్వారా అఖిల భారత కోటాలో నింపుతారు. మిగతా సీట్ల కోసం ఆ సంవత్సరం విశ్వవిద్యాలయం ఇచ్చే ప్రకటనను తప్పక చదవండి, పోయినేడు అన్న చెప్పిన మాట మీద ఆధారపడొద్దు. ఇవి కాక కామారెడ్డిలో డెయిరీ టెక్నాలజీ, పెబ్బేరులో మత్స్యశాస్త్రం చదువులు ఉన్నాయి.

డబ్బు విషయానికి వస్తే, అన్నింటికీ పునాది పోస్ట్ మెట్రిక్ ఉపకారవేతనమే. కేంద్ర నిబంధన ప్రకారం కుటుంబ వార్షికాదాయం 2.5 లక్షలు దాటకూడదు. తెలంగాణలో ఈపాస్ ద్వారా, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి ద్వారా దరఖాస్తు చేస్తారు. ఇందులో రెండు భాగాలు ఉంటాయి: కళాశాలకు పోయే ఫీజు, మీ ఖర్చులకు వచ్చే నిర్వహణ భత్యం. సర్కారు పశువైద్య కళాశాలలో మన ఇళ్లను కుంగదీసేది ఫీజు కన్నా మెస్ బిల్లు, పుస్తకాలు, ప్రయాణాలే. అందుకే రెండో భాగాన్ని అస్సలు వదులుకోవద్దు.

పై చదువులు చదివేవాళ్లు పశువైద్య పోస్టుగ్రాడ్యుయేషన్‌కు భారత వ్యవసాయ పరిశోధన మండలి జాతీయ పరీక్ష రాయండి. మంచి ర్యాంకు వస్తే వేరే రాష్ట్రంలో సీటు, నెలనెలా వేతనం రెండూ దొరుకుతాయి. పీహెచ్‌డీ చేసే గిరిజన విద్యార్థులకు కేంద్ర గిరిజన మంత్రిత్వ శాఖ ఏటా 750 ఫెలోషిప్‌లు ఇస్తోంది. విదేశాల్లో చదివే గిరిజన విద్యార్థుల కోసం 1954-55లో మొదలైన జాతీయ విదేశీ ఉపకారవేతనం ఏటా 20 మందికి వస్తుంది. ఒకే చదువుకు రెండు సర్కారు ఉపకారవేతనాలు తీసుకోకూడదన్న నియమం మాత్రం మరచిపోవద్దు.

కాగితం దగ్గర ఓడిపోవద్దు

మాకు తెలిసిన ఒక తండా అబ్బాయికి పశువైద్యంలో సీటు వచ్చింది. తండా అంతా సంబరపడ్డది. ఉపకారవేతనం మంజూరైంది కూడా. కానీ ఖాతాకు ఆధార్ జతకాలేదు, ఆ సంగతి అతనికి ఎవరూ చెప్పలేదు. నెలలు గడిచాయి. హాస్టల్లో మెస్ బాకీ పెరిగింది. చివరికి ఇంట్లో ఉన్న ఒక్క పాడిగేదెను తల్లి సంతలో అమ్మి డబ్బు పంపింది. గేదెలకు వైద్యం నేర్చుకోవడానికి ఇంటి గేదె పోయింది. ఆ అబ్బాయి చదువు పూర్తి చేశాడు, అది మన అదృష్టం. అమ్మడానికి ఆ గేదె కూడా లేని ఇంట్లో ఆ చదువు ఆగిపోయేది.

అందుకే చెబుతున్నాం. ఇంటర్ రెండో ఏడాదిలో ఉండగానే కుల ధ్రువీకరణ పత్రం, ఆదాయ పత్రం మీసేవలో తీసుకోండి. పదో తరగతి మెమోలో, ఆధార్‌లో, కుల పత్రంలో పేరు, ఇంటిపేరు ఒకేలా ఉన్నాయో చూసుకోండి. ఒకదాంట్లో నాయక్, ఇంకోదాంట్లో రాథోడ్, మరోదాంట్లో ఏదీ లేకపోతే అక్కడే దరఖాస్తు ఆగుతుంది. బ్యాంకు ఖాతా మీ పేరునే ఉండాలి, దానికి ఆధార్ జతచేసి ఉండాలి. దరఖాస్తు పంపాక పని అయిపోలేదు. వేలిముద్ర వేయాలి, కళాశాల దాన్ని పరిశీలించి జిల్లా గిరిజన సంక్షేమ కార్యాలయానికి పంపాలి. 75 శాతం హాజరు ఉండాలి. ప్రతి ఏడాది రెన్యువల్ చేయాలి, దాని గడువు తప్పితే ఆ ఏడాది సొమ్ము పోయినట్టే.

నిధులు సకాలంలో విడుదల కాని సంవత్సరాలూ ఉన్నాయి. అప్పుడు ఒంటరిగా గదిలో కూర్చుని బాధపడొద్దు. నలుగురు కలిసి అడగండి, రాతపూర్వకంగా అడగండి, ప్రతి అర్జీకి రసీదు తీసుకోండి. కళాశాలలో చేరినవాళ్లు తమ తండాలోనూ, పక్కనే ఉన్న చెంచు పెంటలో, కోయ గూడెంలో, గోండు గూడెంలోనూ కనీసం ఇద్దరు పిల్లలకు ఈ దారి చూపించండి.

లదేణి రోజుల్లో మంద ముందు నడిచే ఎద్దుకు మెడలో గంట కట్టేవారు. ఆ గంట చప్పుడు విని వెనుక ఎద్దులు దారి తప్పకుండా వచ్చేవి. మన తండాలో మొదట పశువైద్యుడు అయ్యే బిడ్డ, పశువైద్యురాలు అయ్యే బిడ్డ చేసేది కూడా ఆ పనే. వెనుక వచ్చేవాళ్లకు మీ అడుగు వినపడాలి.

జై సేవాలాల్.